ఆపద వేళ మాట – పోలీసు వైర్‌లెస్ విధానము: ప్రాథమిక పాఠములు

ప్రతి సంవత్సరము మన వంటి కళాశాలల నుండి కొందరు విద్యార్థులు కానిస్టేబులు, సబ్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగముల పరీక్షలకు కూర్చొనుచున్నారు. పరుగు పరీక్ష కొరకు తెల్లవారుజామున మైదానమున చెమటోడ్చుదురు. అంకగణితము, జనరల్ నాలెడ్జి రాత్రింబవళ్ళు చదువుదురు. కాని ఎంపికయై, శిక్షణ ముగించి, తొలిసారి విధికి బయలుదేరిన దినమున తమ చేతికి వచ్చు పనిముట్లలో ఒకదానిని గూర్చి వారు ముందుగా ఆలోచించినట్లు కనబడదు. అది వైర్‌లెస్ సెట్టు. లాఠీ ఎత్తవలసిన అవసరము నెలల తరబడి రాకపోవచ్చును. వైర్‌లెస్ సెట్టులో మాటలాడకుండ, వినకుండ ఒక పూటయైనను గడవదు.

ఆ సెట్టును గూర్చియు, దాని వెనుక నున్న కంట్రోల్ రూమును గూర్చియు క్రొత్తగా ఉద్యోగమున చేరువారు తెలిసికొనవలసిన మొదటి సంగతులను ఈ వ్యాసమున వివరింప దలచితిమి. తెలుగు శాఖ వారికి పోలీసు వైర్‌లెస్‌తో ఏమి పని యని కొందరు అడుగవచ్చును. మా సమాధానము ఇది: యంత్రము శబ్దమును మోయును, అర్థమును మోయవలసినది మాట. ఆపదలో నున్న మనిషికిని, అతనిని కాపాడవలసిన బండికిని నడుమ నున్నవి నాలుగైదు వాక్యములే. ఆ వాక్యములు సరిగా లేనిచో ఎంత ఖరీదైన సెట్టు ఉన్నను బండి వేరొక వీధికి పోవును.

ఈ ఏర్పాటు ఎట్లు వచ్చినది?

వైర్‌లెస్ రాక పూర్వము గస్తీకి పోయిన కానిస్టేబులు ఠాణా గడప దాటిన పిమ్మట మరల తిరిగి వచ్చు వరకు అతని జాడ పై అధికారులకు తెలియదు. అతని వద్ద ఈల యుండెడిది. ఆ ఈల వినబడినంత దూరమే అతనికి తోడు. అమెరికాలోని డెట్రాయిట్ నగర పోలీసులు 1928లో తమ కార్లలో రేడియో గ్రాహకములు అమర్చి వార్తలు పంప నారంభించిరి. అయితే అది ఒక వైపు మార్గమే. కారులోని వారు వినగలరు గాని బదులు చెప్పలేరు. పంపిన వార్త చేరినదో లేదో పంపినవానికి తెలియదు. 1933లో న్యూజెర్సీ రాష్ట్రమందలి బేయోన్ పట్టణ పోలీసులు రెండు వైపుల మాటలాడుకొను పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఈ అయిదేండ్ల చరిత్రలోనే మన మొదటి పాఠము కలదు: బదులు రాని వార్త సగము వార్త మాత్రమే.

ఇక ప్రజల నుండి పోలీసులకు వచ్చు పిలుపు సంగతి. 1935 నవంబరులో లండన్ నగరమున వింపోల్ వీధిలో ఒక ఇల్లు అంటుకొని అయిదుగురు స్త్రీలు మరణించిరి. మంటలను చూచిన పొరుగువాడు టెలిఫోన్ ఎత్తెను. కాని ఎక్స్‌ఛేంజిలో అతని పిలుపు మిగిలిన సాధారణ పిలుపులతో పాటు వరుసలో నిలిచి యుండెను. ఆ ఉదంతము పిమ్మట 1937 జూన్ 30న లండనులో 999 అను ప్రత్యేక సంఖ్య వచ్చినది. ఆ సంఖ్య తిప్పగానే ఎక్స్‌ఛేంజిలో ఎఱ్ఱదీపము వెలిగి, బూర మ్రోగి, తక్కిన పిలుపులను ఆపి దానిని ముందు అందుకొనెడివారు. అమెరికాలో 911 సంఖ్యకు తొలి పిలుపు 1968 ఫిబ్రవరి 16న అలబామా రాష్ట్రమందలి హేలీవిల్ పట్టణమున జరిగినది.

మన దేశమున పోలీసులకు 100, అగ్నిమాపక దళమునకు 101 అని వేర్వేరు సంఖ్యలు చిరకాలము వాడుకలో నుండెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 సేవ అంబులెన్సును సామాన్యుని గడప వద్దకు తెచ్చినది. పిమ్మట అన్ని అత్యవసర సేవలకును దేశమంతట 112 అను ఒకే సంఖ్య ఏర్పడినది. దానిని 2018 నవంబరులో మొదట హిమాచల్ ప్రదేశ్ అందుకొనగా ఇతర రాష్ట్రములు అనుసరించినవి. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారము మామూలు ఫోనులో 5 లేక 9 మీటను నొక్కి పట్టినను, స్మార్ట్‌ఫోనులో పవర్ మీటను వెంట వెంట మూడుసార్లు నొక్కినను ఆపద పిలుపు వెళ్ళు ఏర్పాటు ఉండవలెను. రాష్ట్రముల పోలీసు వైర్‌లెస్ వ్యవస్థలను సమన్వయపరచుటకు కేంద్ర హోంశాఖలో 1946 నుండియే ఒక విభాగము కలదు.

సెట్టు ఏమి చేయును, ఏమి చేయజాలదు?

వైర్‌లెస్ సెట్టు టెలిఫోను వంటిదే యని అనుకొనుట పొరపాటు. రెండు భేదములు ముఖ్యమైనవి. మొదటిది, ఇందులో ఒక సమయమున ఒక్కరే మాటలాడవలెను. మీట నొక్కినవాడు మాటలాడును, విడిచినవాడు వినును. నొక్కి యున్నంత సేపు తాను ఏమియు వినలేడు. ఇద్దరు ఒకేసారి నొక్కిన యెడల ఇద్దరి మాటయు చెడిపోవును. రెండవది, ఒక్కరి మాటను ఆ ఛానెలులో నున్న వారందరును విందురు. ఫోను ఇద్దరి నడుమ రహస్యము. వైర్‌లెస్ నలుగురు కూర్చున్న సభ. ఇదియే దాని బలము. ఏడవ నంబరు బండికి పంపిన వార్తను విని, రెండు వీధుల అవతల నున్న మూడవ నంబరు బండి "మేము దగ్గరలో ఉన్నాము" అని ముందుకు రాగలదు.

మొబైల్ ఫోనులు ఇన్ని ఉండగా వైర్‌లెస్ ఎందులకని అడుగువారు కలరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినప్పుడు సెల్ టవర్లు దెబ్బతిని ఫోనులు కొన్ని దినముల పాటు మూగవోయినవి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్ దీవులకు టెలిఫోను సంబంధములు తెగిపోగా, అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో నుండిన హైదరాబాదు నగరపు హామ్ రేడియో సంస్థ సభ్యులు తమ సెట్లతో ప్రధాన భూభాగమునకు క్షేమ వార్తలు అందించిరి. తన ఏరియలును, తన బ్యాటరీని తనతో మోసికొనిపోవు వ్యవస్థకు గల విలువ అట్టి వేళలందే తెలియును.

అయితే దానికిని పరిమితులు కలవు. పోలీసులు సాధారణముగా వాడు తరంగములు దాదాపు సరళరేఖలో పయనించును. కొండలు, ఎత్తయిన మేడలు, భూగర్భపు అంతస్తులు వానికి అడ్డు. అందుచేతనే కొండమీద గాని ఎత్తయిన స్తంభముపై గాని రిపీటరు అను యంత్రమును అమర్చుదురు. అది బలహీనమైన మాటను ఒక పౌనఃపున్యముపై అందుకొని, మరియొక పౌనఃపున్యముపై బలముగా తిరిగి పంపును. సెల్లారులో నిలిచి పదిసార్లు అరచుట కంటె నాలుగు మెట్లెక్కి ఒక్కసారి మాటలాడుట మేలు.

మీట నొక్కిన క్షణముననే సెట్టును, రిపీటరును పూర్తిగా మేలుకొనవు. కావున నొక్కి, ఒక్క క్షణము ఆగి మాటలాడవలెను. లేనిచో మొదటి అక్షరములు పోవును. మొదటి అక్షరము పోవుట కంటె మన భాషకు చివరి అక్షరము పోవుట మరింత ప్రమాదకరము. తెలుగు వాక్యమున "లేదు", "కాదు", "వద్దు" అను నిషేధములు వాక్యాంతమున వచ్చును. "అతని వద్ద కత్తి లేదు" అని పలుకుచు చివరి మాటకు ముందే మీట విడిచినచో అవతలివానికి చేరునది "అతని వద్ద కత్తి" అను మాట మాత్రమే. ఆ ఒక్క పదము లోపించిన వార్త విని వచ్చువాడు ఎట్టి సన్నాహముతో వచ్చునో ఆలోచింపుడు. వార్త చివర "ఓవర్" అని పలుకుట ఆచారము మాత్రమే కాదు. అది వినబడినదన్న, వాక్యము తుదివరకు చేరినదని సాక్ష్యము.

కంట్రోల్ రూములో నాలుగు ప్రశ్నలు

ఆపద పిలుపు వచ్చిన క్షణము మొదలు పోలీసు బండి ఆ స్థలమును చేరు వరకు నాలుగు మెట్లు కలవు: పిలుపును అందుకొనుట, దాని తీవ్రతను నిర్ణయించుట, తగిన బండిని ఎంచి పంపుట, అది చేరినదని రూఢి చేసికొనుట. పెద్ద కేంద్రములలో పిలుపు అందుకొనువారు, బండిని పంపువారు వేర్వేరుగా ఉందురు; ఒకరు వ్రాసినది మరియొకరి కంప్యూటరు తెరపై కనబడును. చిన్న ఠాణాలో రాత్రివేళ ఒక్క కానిస్టేబులే రెండు పనులును చేయవలసి రావచ్చును.

పిలిచినవానిని అడుగవలసిన ప్రశ్నలకు ఒక క్రమము కలదు. మొదటిది "ఎక్కడ?" రెండవది "ఏమి జరుగుచున్నది?" మూడవది "ఎవరికైనను గాయమైనదా, ఎవరి వద్దనైనను ఆయుధమున్నదా?" నాలుగవది "మీ ఫోను నంబరు, మీ పేరు?" పిలుపు మధ్యలో తెగిపోయినను స్థలము తెలిసియున్నచో బండిని పంపవచ్చును, కథ యంతయు విని స్థలము వినకపోయినచో ఆ కథ ఎవ్వరికిని ఉపయోగపడదు. అందుచేతనే "ఎక్కడ" అను ప్రశ్న ముందు రావలెను. ఫోను ఉన్న తావును నేటి యంత్రములు కొంతవరకు చూపగలవు. అయినను ఏ అంతస్తు, ఏ గుమ్మము అన్నది మనిషియే చెప్పవలెను.

పాఠము కొరకు మేము కల్పించిన ఒక సంభాషణను చూడుడు.

"అన్నా, తొందరగా రండి, కొట్టుకుంటున్నారు!"

"వస్తున్నామమ్మా. ఎక్కడ?"

"హైదర్‌గూడ."

"ఏ హైదర్‌గూడ అమ్మా? బషీర్‌బాగ్ దగ్గరదా, అత్తాపూర్ దగ్గరదా?"

"అత్తాపూర్‌ది. పాలబూతు ఎదురు సందు."

"ఎంతమంది? చేతుల్లో ఏమైనా ఉన్నాయా?"

"నలుగురు. ఒకడి దగ్గర కట్టె ఉంది. ఒకాయనకి తల పగిలింది."

"బండి బయలుదేరుతోంది. మీరు ఇంట్లోనే ఉండండి, ఫోను పెట్టేయకండి."

ఇందులో గమనింపదగిన సంగతులు మూడు. హైదర్‌గూడ అను పేరు హైదరాబాదులో రెండు చోట్ల కలదని ఆపరేటరుకు తెలిసియుండెను. "వస్తున్నాము" అను మాట మొదటనే చెప్పుటచే ఆమె కంగారు తగ్గి, అడిగినదానికి బదులు చెప్పగలిగినది. ప్రశ్నలు చిన్నవి, ఒక్కొక్క ప్రశ్న ఒక్కొక్క సంగతినే అడిగినది.

వైర్‌లెస్ వాక్యము

ఇప్పుడు ఆ సంగతి బండికి చేరవలెను. ముందు పిలువబడువాని గుర్తు, తరువాత పిలుచువాని గుర్తు చెప్పవలెను. తన పేరు వినగానే మనిషి చెవి యొగ్గును. ఆ పిమ్మట వచ్చు మాట వృథా కాదు.

"గస్తీ ఏడు, కంట్రోల్. ఓవర్."

"కంట్రోల్, గస్తీ ఏడు. చెప్పండి. ఓవర్."

"అత్తాపూర్ హైదర్‌గూడ, పాలబూతు ఎదురు సందు. నలుగురి మధ్య కొట్లాట. ఒకరి వద్ద కట్టె. ఒకరికి తల గాయము. అంబులెన్సుకు చెప్పితిమి. ఓవర్."

"అత్తాపూర్ హైదర్‌గూడ, పాలబూతు ఎదురు సందు. నలుగురు, ఒక కట్టె, ఒక గాయము. బయలుదేరుచున్నాము, సమయము 19:40. ఓవర్."

"సరియే. కంట్రోల్ ఔట్."

బదులు చెప్పువాడు వార్తలోని ముఖ్యాంశములను తిరిగి పలికెను. వైర్‌లెస్ విద్యకు ఇది ప్రాణము. "రోజర్" అనగా "వింటిని" అని మాత్రమే అర్థము. "సరిగా వింటిని" అని ఆ ఒక్క మాట నిరూపింపజాలదు. స్థలము, సంఖ్య, ఆయుధము, ఈ మూడింటిని తిరిగి చెప్పించుకొననిదే పంపినవాని బాధ్యత తీరదు. "ఓవర్" అనగా "నా మాట ముగిసినది, నీ బదులు కావలెను". "ఔట్" అనగా "సంభాషణ ముగిసినది". సినిమాలలో వినబడు "ఓవర్ అండ్ ఔట్" అను పలుకు తనకు తానే విరుద్ధము.

ఇంకను కొన్ని నియమములు: మాటలాడుటకు ముందు ఛానెలు ఖాళీగా నున్నదో లేదో వినుము. చెప్పదలచినది మనస్సున కూర్చుకొని మీట నొక్కుము. అరవకుము, అరచిన గొంతు సెట్టులో బొంగురుపోవును. ఎవరైనను ప్రాణాపాయమున నుండి పిలిచినచో తక్కిన వారందరును మౌనము వహింపవలెను. ఆ మౌనమును పాటించుటయు విధి నిర్వహణమే.

ఆంగ్లాక్షరములను చెప్పునప్పుడు "బి, డి, పి, టి, జి" అనునవి గాలిలో ఒకే రీతిగా వినబడును. అందుచేత 1956 మార్చి 1 నుండి అంతర్జాతీయ విమానయాన సంస్థ అమలుపరచిన అక్షరమాల నేడు పోలీసులకును ఆదర్శమైనది: బి కి బ్రావో, డి కి డెల్టా, పి కి పాపా, టి కి టాంగో. వివిధ దేశముల వారిచే పలికించి, వినిపించి, పొరపడని పదములనే అందు చేర్చిరి. తెలంగాణ రోడ్లపై ఏ.పి., టి.ఎస్., 2024 మార్చి నుండి టి.జి. అను మూడు విధముల నంబరు పలకలు తిరుగుచున్నవి. పారిపోవు కారు నంబరు చెప్పునప్పుడు ఈ అక్షరమాల అవసరము స్పష్టమగును.

మన భాషల చిక్కులు

ఇంతవరకు చెప్పినవి ఏ దేశపు శిక్షణ గ్రంథమునందైనను దొరకును. మన ప్రాంతమున పనిచేయువాడు వీనితో పాటు తెలుగు, ఉర్దూ భాషల స్వభావమును కూడ ఎరిగియుండవలెను.

సంఖ్యలను చూడుడు. "ఇరవై", "అరవై" అనునవి గరగర శబ్దములో ఒకటిగా వినబడును. ఉర్దూలో "సాత్" అనగా ఏడు, "సాఠ్" అనగా అరవై. ఆంగ్లమున "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" సంగతి సరేసరి. కావున ఇంటి నంబరును గాని బండి నంబరును గాని అంకె అంకెగా చెప్పవలెను: "అరవై" అనక "ఆరు, సున్న" అనవలెను.

దిక్కులు చెప్పునప్పుడు "కుడి" వైపు అన్నది "గుడి" వైపుగా వినబడవచ్చును. ఆ వీధిలో నిజముగనే గుడి యున్నచో పొరపాటు బయటపడుటకు కూడ వీలుండదు. "కాల్చేశారు" అని ఒకడు ఫోనులో ఏడ్చినచో అది తుపాకి కాల్పో, నిప్పు పెట్టుటయో అడిగి తెలిసికొనవలెను. మొదటిదానికి ఆయుధములు గల పోలీసులు కావలెను, రెండవదానికి ఫైరింజను. ఊళ్ళ పేర్లలో కొత్తపేట, కొత్తగూడ, కొత్తగూడెం అనునవి సగము విని తొందరపడువానిని దారి తప్పించును.

ఉర్దూలో "కల్" అను మాట నిన్నటికిని, రేపటికిని చెల్లును. పూర్తి వాక్యమున క్రియను బట్టి అర్థము తెలియును. కాని వార్తను కుదించి "కల్ జలూస్, ఝగడా" అని వ్రాసినచో ఊరేగింపులో గొడవ నిన్న జరిగినదా, రేపు జరుగునని భయమా తెలియదు. నిన్నటిదైనచో విచారణ చాలును. రేపటిదైనచో బందోబస్తు కావలెను. కావున తేదీ వ్రాయవలెను. దక్కనీ ఉర్దూలో "నక్కో" అనగా వద్దు, "హౌ" అనగా అవును. ఉత్తరాది నుండి వచ్చిన ఉద్యోగికి గాని, ఉర్దూ ఎరుగని వానికి గాని ఇవి అర్థము కావు. పాతబస్తీ వృద్ధురాలు "హౌ" అన్నప్పుడు అవతలి వాడు అదే ప్రశ్న మరల మరల అడుగుచు కూర్చున్నచో క్షణములు కరగిపోవును.

పిలుచువారు స్త్రీలైనప్పుడు మరియొక సూక్ష్మము కలదు. మన ఇండ్లలో పెక్కుమంది భర్త పేరు పలుకరు. "పిల్లల నాన్న", "బచ్చోఁ కే అబ్బా" అందురు. "ఆయన కొడుతున్నాడు" అని ఆమె అన్నప్పుడు "పేరు చెప్పు" అని గద్దించుట తగదు. "మీ ఇంటాయనేనా అమ్మా?" అని అడిగినచో "అవును" అను ఒక్క మాటతో పని తీరును. ప్రక్క గదిలో అతడు వినుచుండవచ్చును గనుక అవును, కాదు అని బదులీయదగిన ప్రశ్నలే ఆమెకు రక్ష.

సంకేతములా, సాదా మాటలా?

సినిమాలలో పోలీసులు "టెన్ ఫోర్" అనుట మీరు వినియుందురు. అమెరికాలో 1930ల చివర ఇల్లినాయి రాష్ట్ర పోలీసు అధికారి చార్లెస్ హాపర్ ఈ పది సంకేతములను రూపొందించెను. నాటి సెట్లు పూర్తి శక్తిని అందుకొనుటకు క్షణకాలము పట్టి మొదటి మాట పోవుచుండెను గనుక, పోయినను నష్టము లేని "టెన్" అను మాటను ప్రతి సంకేతమునకు ముందు చేర్చిరి. ఉపాయము మంచిదే. కాని కాలక్రమమున ఒక్కొక్క ఊరి పోలీసులు ఒకే సంఖ్యకు వేర్వేరు అర్థములు కల్పించుకొనిరి. పొరుగూరి దళములు కలిసి పనిచేయవలసి వచ్చినప్పుడు అది చిక్కు తెచ్చినది.

2001 సెప్టెంబరు 11న న్యూయార్కు జంట గోపురముల వద్ద ఇట్టి లోపములు అన్నియు ఒక్కసారిగా బయటపడినవి. 9:59 గంటలకు దక్షిణ గోపురము కూలినది. ఉత్తర గోపురములోని అగ్నిమాపక దళము వెంటనే వెలుపలికి రావలెనని అధికారులు వైర్‌లెస్‌లో ఆజ్ఞ ఇచ్చిరి. ఎత్తయిన కట్టడమున సెట్లు సరిగా పనిచేయక కొందరు, వేరొక ఛానెలులో నుండి కొందరు, సెట్లే లేక కొందరు ఆ ఆజ్ఞను వినలేదు. హెలికాప్టరు నుండి గోపురమును చూచుచున్న పోలీసుల హెచ్చరికలు అగ్నిమాపక అధికారులకు చేరు మార్గము లేకుండెను. 10:28 గంటలకు ఉత్తర గోపురము కూడ కూలినది. ఆ దినమున 343 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణములు కోల్పోయిరి. వారందరి మరణమునకు వైర్‌లెస్ ఒక్కటే కారణమనుట న్యాయము కాదు; వినియు సహచరులను విడిచి రానివారు కూడ ఉండిరి. కాని రెండు దళముల నడుమ మాట పొసగనిచో ఏమగునో లోకమునకు తెలిసినది. 2004లో వెలువడిన విచారణ సంఘ నివేదిక దీనిని విపులముగా చర్చించినది. పలు శాఖలు కలిసి పనిచేయు వేళలందు సంకేతములు విడిచి సాదా మాటలే వాడవలెనని అమెరికా ప్రభుత్వము 2006లో నియమము చేసినది.

మన రాష్ట్రములలో కూడ పోలీసు, రెవెన్యూ, అగ్నిమాపక, వైద్య శాఖలు వరదలలో, జాతరలలో కలిసి పనిచేయును. "గాయపడినవారు ముగ్గురు" అన్న వాక్యము అందరికిని అర్థమగును. సంకేతము తెలిసినవానికే అర్థమగును.

చూచినది, ఊహించినది

వైర్‌లెస్ నియమములలో మేము అన్నిటికంటె ముఖ్యమని భావించునది ఇది: చూచినది చెప్పుము, ఊహించినది చెప్పకుము. కుళాయి వద్ద బిందెల వరుసలో ఇద్దరు పొరుగువారు కలహించిరి అనుకొందము. ఒకరి పేరును, మరియొకరి పేరును బట్టి "రెండు వర్గముల ఘర్షణ" అని సెట్టులో చెప్పినచో ఆ మాటను ఛానెలులోని వారందరును విందురు. వచ్చు దళము ఆ భావముతోనే దిగును. ప్రక్కన నిలిచిన బాటసారి విని మరి పదిమందికి చెప్పును. గంటలోగా నీళ్ళ తగవు నిజముగనే వర్గ కలహము కావచ్చును. "ఇద్దరి మధ్య నీళ్ళ గురించి తగవు, ఆయుధములు లేవు" అని చెప్పినచో ఒక్క బండి వచ్చి తీర్చిపోవును. ఊరి శాంతి కొన్నిసార్లు ఒక కానిస్టేబులు ఎన్నుకొన్న విశేషణముపై ఆధారపడి యుండును.

గోప్యత కూడ ఇట్టిదే. పాత పద్ధతి సెట్లలోని మాటను తగిన గ్రాహకము గల ఎవడైనను వినవచ్చును; క్రొత్త డిజిటల్ సెట్లలో మాటను మరుగుపరచు ఏర్పాటున్నను, నడుమునకు తగిలించిన సెట్టులో నుండి వచ్చు ధ్వనిని ప్రక్కవాడు వినును. అత్యాచార బాధితుల గుర్తింపును ప్రచురించుట భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను ప్రకారము నేరము. ఆ చట్టము ఉద్దేశమును మనస్సున నుంచుకొని అట్టి పేర్లను, సమాచారమిచ్చిన వారి పేర్లను వైర్‌లెస్‌లో పలుకకుండుట క్రొత్త ఉద్యోగి అలవరచుకొనవలసిన మర్యాద.

ప్రతి వార్తను సమయముతో సహా నమోదు చేయవలెను. ఎవరో తెలియని వ్యక్తి ఫోనులో చెప్పిన అరకొర మాట ప్రథమ సమాచార నివేదిక కాజాలదని సుప్రీంకోర్టు 1970లో తపీందర్ సింగ్ కేసులో చెప్పినది. అయినను పిలుపు ఎప్పుడు వచ్చినది, బండి ఎప్పుడు కదలినది, ఎప్పుడు చేరినది అను లెక్క న్యాయస్థానమున విలువైన సాక్ష్యము. అది నిజాయితీపరుడైన ఉద్యోగికి కవచము.

చివరి మాట సరిహద్దును గూర్చి. 2019 నవంబరులో హైదరాబాదు శివారున ఒక యువతి దారుణ హత్యకు గురియైనప్పుడు, ఆమె కనబడుట లేదని కుటుంబము వచ్చి చెప్పగా ఫిర్యాదు స్వీకరించుటలో జాప్యము చేసిరని ముగ్గురు పోలీసు సిబ్బందిని సస్పెండు చేసిరి. "మా ఠాణా పరిధి కాదు" అను వాదము ఆనాడు ప్రజల ఆగ్రహమునకు కారణమైనది. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము నేరము ఏ పరిధిలో జరిగినను సమాచారమును స్వీకరింపవలెను. పరిధి కాగితముపై నున్న గీత. ఆపదలో నున్నవానికి అది కనబడదు.

విద్యార్థులకు, కళాశాల కమిటీ వారికి

విద్యార్థి మిత్రులారా! మీలో పెక్కుమంది ఇంట ఉర్దూ, బజారున తెలుగు, తరగతిలో ఆంగ్లము మాటలాడుదురు. ఇది లోపమని కొందరు మిమ్ము నమ్మించియుందురు. కంట్రోల్ రూము కుర్చీలో అది లోపము కాదు, అరుదైన యోగ్యత. "నక్కో" అన్న అవ్వ మాటను, "కాల్చేశారు" అన్న రైతు మాటను ఒక్క చెవితో విని, ఇద్దరికిని సరియైన సహాయము పంపగలవారు ఎందరో లేరు. అయితే రెండు భాషలు తెలిసియుండుట చాలదు. రెండింటిని స్పష్టముగా పలుకుట, విన్నదానిని ఒక్క పొల్లు పోకుండ తిరిగి చెప్పుట అభ్యాసము చేయవలెను.

అందుకు ఖరీదైన సెట్లు అక్కరలేదు. ఇద్దరు విద్యార్థులు వీపులు ఆనించి కూర్చొనవలెను. ఒకడు తన వీధిలో జరిగిన సంఘటనను నాలుగు వాక్యములలో చెప్పవలెను. రెండవవాడు వ్రాసికొని తిరిగి వినిపింపవలెను. మొదటి రోజు తెలుగులో, రెండవ రోజు ఉర్దూలో, మూడవ రోజు ఒక భాషలో విని మరియొక భాషలో చేయవలెను. వెనుక నొక రేడియోను బిగ్గరగా మ్రోగించినచో అభ్యాసము మరింత నిజమగును. పోలీసు ఉద్యోగములకు పోవు విద్యార్థుల కొరకు వారమునకు ఒక్క అరగంట ఈ సాధనకు కేటాయింపవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను కోరుచున్నాము. తెలుగు, ఉర్దూ శాఖలు రెండును కలిసి దీనిని నడుపవచ్చును. అదనపు వ్యయము లేదు.

పోలీసు కానివారికిని ఇందొక పని కలదు. ఏనాడైనను 112కు పిలువవలసి వచ్చినప్పుడు, గొంతు పెగలగానే చెప్పవలసిన మొదటి మాట తాము ఎక్కడ ఉన్నారన్నది. ఈ పూటనే మీ వీధి పేరు, ఇంటి నంబరు, దగ్గరి గుర్తు మీ తల్లిదండ్రులకును, తమ్ములకు చెల్లెండ్రకును కంఠస్థము చేయింపుడు.